ప్రత్యేకమా, సముదాయమా? గణనయంత్రమునకు పట్టిక నిచ్చి పరీక్షించు విధము



నేటి ప్రసంగవిషయము కంప్యూటరు అని లోకమున వ్యవహరింపబడు గణనయంత్రమునకు సంబంధించినది. ఈ మాట చెవిని బడినంతనే, "ఇది మా మనుమలకు చెప్పవలసిన సంగతి గాని మాకేల?" అని కొందరు తలపవచ్చును. అట్లు తలపవలదని ప్రార్థించుచున్నాను. యంత్రము నిన్న మొన్నటిదే యైనను, దాని యెదుట నిలిచిన ప్రశ్న మాత్రము చాల పాతది. రెండువేల సంవత్సరములకు పూర్వమే మన వైయాకరణులు దానిని చక్కగా చర్చించిరి. అదియునుగాక, పొలముల వివరములు, ధాన్యపు తూకములు, పింఛనుదారుల జాబితాలు నేడు ఈ యంత్రముచేతనే లెక్కింపబడుచున్నవి. లెక్క తప్పినచో నష్టపడువారము మనమే. కావున సావధానముగా విచారింతము.

పతంజలి మహర్షి మహాభాష్యమున, పాణిని మొదటి సూత్రమును వ్యాఖ్యానించు సందర్భమున, ఒక చర్చ కలదు. ఆ, ఐ, ఔ అను మూడక్షరములకును పాణిని 'వృద్ధి' యను పేరిడెను. ఆ పేరు ఒక్కొక్క యక్షరమునకు వేరువేరుగా చెందునా, లేక మూటికిని కలిపి యొక్కటిగా చెందునా యని శంక పుట్టినది. దీనిని తీర్చుటకై భాష్యకారుడు లోకవ్యవహారమునుండి రెండు దృష్టాంతములను దెచ్చెను. దేవదత్తుడు, యజ్ఞదత్తుడు, విష్ణుమిత్రుడు అను మువ్వురకు భోజనము పెట్టవలెనని యజమాని చెప్పినాడనుకొనుడు. 'ఒక్కొక్కరికి' అను మాట అందు లేదు. అయినను మూడు విస్తళ్లు వేయుదురే గాని, ఒక విస్తరి వేసి ముగ్గురిని దానిచుట్టు కూర్చుండబెట్టరు. ఒకడు తినినచో మువ్వుర యాకలి తీరదు గదా! ఇక గర్గవంశము వారికి నూరు దండుగ విధింపవలెనని రాజాజ్ఞ యైనదనుకొనుడు. ఆ నూరు వంశమునకంతకు గాని, తలకు నూరు చొప్పున గాదు. వాక్యముల తీరు రెండింట నొకటియే. అర్థము మాత్రము వేరు. భోజనము ప్రత్యేకముగా నన్వయించినది. దండుగ సముదాయముగా నన్వయించినది.

ఏది ప్రత్యేకమో యేది సముదాయమో మనుష్యుడు లోకజ్ఞానముచేత గ్రహించును. యంత్రమునకు లోకజ్ఞానము లేదు. ఆకలి యేమో, రాజదండన యేమో అది యెరుగదు. ఆ యంత్రముతో మాటలాడుటకై ఏర్పరచిన భాషను నిర్మించినవారు ముందుగా నేది నిర్ణయించిరో అదియే అది చేయును. కావున యంత్రమునకు ఒక పట్టికను, ఒక విధిని ఇచ్చినప్పుడు, "ఈ విధిని నీవు పట్టికలోని ఒక్కొక్క సంఖ్యకు నీయంతట నీవే అన్వయింపజేయుదువా, లేక పట్టిక నంతటిని ఒక్క వస్తువుగా నెంచెదవా?" అని పరీక్షించి తెలిసికొనవలసి యున్నది. ఆ పరీక్ష యెట్లు చేయవలెనో చెప్పుటయే నేటి మన పని.

రెండు మాటలకు మొదట అర్థము చెప్పెదను. ప్రమేయమనగా ఒక విలువను పుచ్చుకొని, నియమము ననుసరించి వేరొక విలువను తిరిగి యిచ్చు విధి. వర్గమూలము ప్రమేయము, 9 ఇచ్చిన 3 వచ్చును. పట్టిక యనగా వరుస తప్పక నిలిచిన విలువల సమూహము. 1, 4, 9 అనునది యొక పట్టిక. ఇప్పుడు వర్గమూల ప్రమేయమునకు ఈ పట్టిక నిచ్చినచో నేమగును? 1, 2, 3 అను పట్టిక వచ్చునా? లేక, "నాకు సంఖ్య కావలెను, పట్టిక గాదు" అని యంత్రము మొండికెత్తునా? ఈ రెండును లోకమున గలవు.

ఈ విషయమున ప్రోగ్రాము భాషలు మొదటినుండియు రెండు తెగలుగా నడచుచున్నవి. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున జాన్ మెకార్తీ 1958లో ప్రారంభించిన లిస్ప్ అను భాషకు పట్టికలే ప్రాణము. అయినను అందు ఒక ప్రమేయమును ప్రతి యంశమునకును అన్వయింపజేయవలెనన్న, ఆ సంగతిని ప్రత్యేకముగా చెప్పవలెను. దానికై వేరొక విధి కలదు. ఇది మొదటి తెగ. కెనడా దేశమున జన్మించిన కెన్నెత్ ఐవర్సన్ అను గణితజ్ఞుడు 1962లో ఒక గ్రంథమును ప్రకటించి, దాని పేరిటనే ఎ.పి.ఎల్. అను భాషకు పునాది వేసెను. అందు సంకలన వ్యవకలనాది క్రియలన్నియు పట్టికలపై తమంతట తామే ప్రత్యేకముగా ప్రవర్తించును. 'ఒక్కొక్కదానికి' అని చెప్ప బనిలేదు. ఇది రెండవ తెగ. ఈ కృషికిగాను ఐవర్సనునకు 1979లో ట్యూరింగు పురస్కారము లభించినది. ఆ తరువాత వచ్చిన భాషలు కొన్ని యొక తెగను, కొన్ని వేరొక తెగను అనుసరించినవి; కొన్ని యిందుకొంత, అందుకొంత పుచ్చుకొన్నవి. చిక్కులకు మూలము ఈ మూడవ రకమే.

చిక్కు ఎట్టిదో మన యూరి లెక్కతోనే చూతము. ఒక కళ్లమున ఐదు బస్తాల ధాన్యము కాటా వేసిరి. తూకములు వరుసగా 41, 42, 40, 43, 41 కిలోలు, మొత్తము 207. ఖాళీ గోనెసంచి బరువు, లెక్క తేలికయగుటకై, ఒక కిలో అనుకొందము. "ఈ పట్టికనుండి ఒకటి తీసివేయుము" అని యంత్రముతో చెప్పితిమి. ప్రత్యేకముగా తీసివేసినచో 40, 41, 39, 42, 40 వచ్చును, మొత్తము 202. సముదాయమునుండి ఒక్కసారి తీసివేసినచో 206. తేడా నాలుగు కిలోలే గదా యని తోచును. అదే 500 బస్తాలైనచో తేడా 499 కిలోలు. ఐదు క్వింటాళ్లకు ఒక్క కిలో తక్కువ. గోనెకు కిలో తీయవలసినచోట మొత్తముపై కిలో తీసినచో కొనువాడు మునుగును. లారీ కంతకు కిలో తరుగని మాట యైనచోట గోనెకు కిలో తీసినచో రైతు మునుగును. వాక్యము ఒక్కటే, చిల్లు మాత్రము ఎవరి సంచికో ఒకరి సంచికి పడి తీరును.

నేడు మిక్కిలి ప్రచారమున నున్న పైథాన్ అను భాష 1991లో వెలువడినది. దాని సామాన్య పట్టికనుండి ఒకటిని తీసివేయుమనినచో అది యొప్పుకొనదు. దోషము కలదని చెప్పి నిలిచిపోవును. ఇది మంచిదే. తెలియనప్పుడు తెలియదనుట సజ్జనలక్షణము. కాని అదే పట్టికను రెండుచే గుణింపుమనినచో నేమగునో చిత్తగింపుడు. కిలోకు రెండు రూపాయల చొప్పున ఒక్కొక్క బస్తాకు రావలసిన పైకము తేల్చవలె ననుకొందము. రావలసినవి 82, 84, 80, 86, 82. కాని పైథాన్ సామాన్య పట్టికను రెండుచే గుణించుట యనగా ఆ పట్టికను రెండుమార్లు వ్రాయుట యని యర్థము చెప్పుకొనును. కావున 41, 42, 40, 43, 41, మరల 41, 42, 40, 43, 41 అని పది సంఖ్యలను ఇచ్చును. దోషమనదు, హెచ్చరింపదు.

ఇందొక విశేషము కలదు. ఈ తప్పుడు పట్టికను మొత్తము కూడిచూచినచో 414 వచ్చును. సరియైన పట్టికను కూడినను 414 వచ్చును! మొత్తముతోనే తృప్తిపడువానికి ఈ తప్పు ఎన్నడును దొరకదు. మొదటి బస్తా యజమానికి 82 రూపాయలకు బదులు 41 రూపాయలు ముట్టినప్పుడు గాని గుట్టు బయటపడదు. మరియు నొక వింత. రెండుకు బదులు రెండున్నరచే గుణింపుమనినచో పైథాన్ నిరాకరించును, ఏలయన పట్టికను రెండున్నర సారులు వ్రాయుట కుదరదు. ఒక ధరకు నోరు మెదపని తప్పు మరియొక ధరకు బయటపడుచున్నది. పైథాన్‌నకు అనుబంధముగా నంపై అను సాధనసామగ్రి కలదు. దాని మొదటి పూర్ణరూపము 2006లో వెలువడినది. అందలి పట్టికలు ఐవర్సను మార్గము ననుసరించి ప్రత్యేకముగా గుణింపబడును. పట్టిక చూచుటకు రెండుచోట్ల నొకటిగానే యుండును, నడత వేరు. అందుచేతనే పరీక్ష యావశ్యకము.

ఇక పరీక్షావిధానము. దీని సారము నొక్క వాక్యమున చెప్పవచ్చును. పట్టిక నంతటిని ఒక్కమారు ప్రమేయమున కిచ్చి వచ్చిన ఫలమును వ్రాసికొనుడు. తరువాత పట్టికలోని అంశములను ఒక్కొక్కదానినే వేరుగా నిచ్చి, వచ్చిన ఫలములను అదే వరుసలో వ్రాసికొనుడు. ఈ రెండు పట్టికలును సంఖ్యలోను, వరుసలోను, విలువలోను సరిపోయినచో, ఆ పట్టిక విషయమున ప్రమేయము ప్రత్యేకముగా ప్రవర్తించినదని చెప్పవచ్చును. ఏ యొక్కటి సరిపోకున్నను ప్రవర్తింపలేదని నిశ్చయింపవచ్చును.

వాక్యము చిన్నదే గాని, దీనిని ఆచరించుటలో జాగ్రత్తలు కలవు. వానిని ఒక్కొక్కటిగా మనవి చేసెదను.

మొదటిది, పరీక్షకు పెట్టు పట్టికను తెలివిగా నెన్నుకొనవలెను. ఒక్క యంశముగల పట్టిక పనికిరాదు. బస్తాల తూకములను వరుసగా కూడికొనుచు పోవు ప్రమేయమున్నదనుకొనుడు. మన ఐదు బస్తాలకు అది 41, 83, 123, 166, 207 అని చెప్పును. ఇది ప్రత్యేకము గాదు. ప్రతి ఫలమునందును ముందటి బస్తాలన్నియు చేరియున్నవి. కాని ఒక్క బస్తా గల పట్టిక నిచ్చినచో 41 అనియే చెప్పును; వేరుగా 41 ఇచ్చినను 41 అనియే చెప్పును. పరీక్షలో తేలిపోయినట్లు కనబడును. ఖాళీ పట్టిక మరింత మోసకారి. లేని పిల్లలందరును బుద్ధిమంతులే గదా! అట్లే అంశములు లేని పట్టికపై ఏ ప్రమేయము నైనను నిందింప వీలులేదు.

అంశముల విలువలును చూచి యెన్నుకొనవలెను. 0, 1 అనువాని వర్గములు అవియే. రెండునకు రెండు కలిపినను, రెండుచే గుణించినను, వర్గము చేసినను 4 అనియే వచ్చును. దానితో పరీక్షించినచో మూడు క్రియలకును భేదము తెలియదు. 3, 7, 10 అని చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా పేర్చిన పట్టిక నిచ్చినచో, అమర్చు ప్రమేయము ఆ పట్టికనే తిరిగి యిచ్చును. ఏమియు చేయనట్లు భ్రమ కలుగును. కావున 7, 3, 10 వలె వరుస తప్పి, ఒండొంటితో పోలని సంఖ్యలు మంచివి.

రెండవది, ఫలముల సంఖ్యను మొట్టమొదట చూడవలెను. మూడిచ్చిన మూడు రావలెను. పైథాన్ గుణకారమున ఐదిచ్చిన పది వచ్చినవి, అంతటితోనే తెలిసిపోయినది. సంఖ్య తగ్గుటయు కలదు. పంచాయతీవారు ఇల్లు పెద్దదైనను చిన్నదైనను ఇంటికి 50 రూపాయల రుసుము నిర్ణయించిరనుకొనుడు. దీనిని ప్రమేయముగా వ్రాయువాడు, "ఏమిచ్చినను 50 తిరిగి యిమ్ము" అని వ్రాయును. ఒక్క యింటిని ఇచ్చినచో 50, సరియే. మూడిండ్ల పట్టిక నిచ్చినచో 50, 50, 50 రావలెను. కాని ఆ ప్రమేయము ఏమిచ్చినను ఒక్క 50 మాత్రమే యిచ్చును. ఏలయన అది తన కిచ్చినదానివంక చూడనే చూడదు. మిక్కిలి సులభమైన ప్రమేయమే ఇక్కడ మొదట తప్పుచున్నది. అనుభవజ్ఞులు కూడ దీనిని మరచిపోవుదురు.

మూడవది మిక్కిలి సూక్ష్మమైనది. సంఖ్యయు వరుసయు సరిగా నున్నంత మాత్రమున ప్రత్యేకమని నమ్మరాదు. ముగ్గురు రైతులకు వరుసగా 2, 3, 5 ఎకరములు కలవు. ఎకరమునకు 100 రూపాయల చొప్పున శిస్తు విధించినచో 200, 300, 500 వచ్చును. ఇక పంటకాలువ పూడిక తీయుటకు 1,000 రూపాయలు ఖర్చుకాగా, దానిని ఎకరముల వంతున పంచినచో మొత్తము 10 ఎకరములు గనుక మరల 200, 300, 500 అనియే వచ్చును. కాగితముపై రెండును ఒక్కటే. మూడిచ్చిన మూడు వచ్చినవి, వరుస తప్పలేదు. కాని మూడవ రైతు భూమిని 5 నుండి 15 ఎకరములకు మార్చి చూడుడు. శిస్తు 200, 300, 1,500 అగును. మొదటి ఇద్దరి శిస్తు చెక్కుచెదరలేదు. కాలువ ఖర్చు మాత్రము 100, 150, 750 అగును; ఒకని భూమి పెరుగగా తక్కిన ఇద్దరి వంతును మారినది. శిస్తు ప్రత్యేకము, వంతు సముదాయము.

కావున పరీక్షకు రెండవ సూత్రము దొరికినది: పట్టికలో ఒక్క యంశమును మార్చుడు, దాని ఫలము తప్ప తక్కినవి కదలరాదు. కదలినచో ఆ ప్రమేయము పట్టిక నంతటిని చూచుచున్నదని అర్థము. మొదట చెప్పిన పరీక్షయు దీనిని పట్టును. 2 ఎకరముల వానిని ఒంటరిగా నిచ్చినచో వంతు ప్రమేయము వేయి రూపాయలును వాని నెత్తిననే వేయును. కలిపి యిచ్చినప్పుడు 200 మాత్రమే. సరిపోలలేదు గదా!

నాలుగవది, షరతులుగల ప్రమేయములను వేరుగా పరీక్షింపవలెను. ఐదెకరములు మించినచో పన్ను, లేనిచో లేదు అను నియమమున్నదనుకొనుడు. 2, 3, 8 అను పట్టిక నిచ్చి, "ఇది ఐదుకన్న నెక్కువయా?" అని యడిగినచో కాదు, కాదు, ఔను అని మూడుత్తరములు వచ్చును. 'అయినచో', 'కానిచో' అను షరతునకు ఒక్క యుత్తరమే కావలెను. నంపై ఇక్కడ సందిగ్ధమని చెప్పి నిలిచిపోవును. గణాంకశాస్త్రజ్ఞులు విరివిగా వాడు ఆర్ అను భాష యొకటి కలదు. అది న్యూజీలాండు దేశపు ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అను ఇరువురు ప్రారంభించినది. ఆ భాష 2022లో వెలువడిన 4.2 రూపమునకు ముందు, ఇట్టి సమయమున ఒక హెచ్చరిక మాత్రము చేసి, మొదటి యుత్తరమునే పుచ్చుకొని ముందునకు సాగెడిది. అనగా మొదటి రైతు పన్ను కట్ట బనిలేనివాడైనచో ఊరంతయు పన్ను తప్పించుకొనునన్నమాట! 2022 నుండి అది హెచ్చరికతో పోనీయక దోషముగా నెంచి నిలిచిపోవుచున్నది. పండితులు నిర్మించిన భాషయే తన నడతను దిద్దుకొనవలసి వచ్చెనన్న, ఈ ప్రశ్న యెంత మెలికగలదో తెలియుచున్నది గదా!

ఇంతవరకు ఒక్క పట్టికను గూర్చి చెప్పితిని. రెండు పట్టికలను కలిపినప్పుడు నియమ మేమి? ఇక్కడను మన శాస్త్రము ముందే దారి చూపినది. రెండు వరుసలలోని అంశముల సంఖ్య సమానమైనచో, మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది యని యథాక్రమముగా సంబంధము కలుగునని పాణిని యొక పరిభాష చేసెను. ఇ, ఉ, ఋ, ఌ అనువానికి య, వ, ర, ల అనునవి వరుసగా నాదేశమగుట ఈ నియమముచేతనే. మన తెలుగునందును క, చ, ట, త, ప అను పరుషములకు గ, జ, డ, ద, బ అను సరళములు వచ్చుట ఇట్లే. కకారమునకు గకారమే గాని డకారము రాదు. బాల్యమున బాలవ్యాకరణము చదివిన పెద్దలకు ఇది కొత్త గాదు.

ఈ నియమమున 'సమానమైనచో' అను మాట ముఖ్యము. సంఖ్య సమానము గానిచో నేమి చేయవలెనను విషయమున యంత్రభాషలు మరల వేరుపడినవి. మూడు సంఖ్యల పట్టికను రెండు సంఖ్యల పట్టికతో కూడుమనినచో నంపై నిరాకరించును. 1988లో వెలువడిన మాథమాటికా అను సాధనమునకు మూలమైన వుల్ఫ్రమ్ భాషయు పొడవులు సరిపోలేదని తెల్పి, కూడక విడిచిపెట్టును. ఆర్ భాష యట్లు గాదు. చిన్న పట్టికను మరల మొదటినుండి వాడుకొనును. 1 మొదలు 6 వరకు గల ఆరు సంఖ్యలకు 1, 2 అను పట్టికను కలుపుమనినచో 2, 4, 4, 6, 6, 8 అని చెప్పును, హెచ్చరింపనైన హెచ్చరింపదు. చిన్నదాని పొడవు పెద్దదానిని నిశ్శేషముగా భాగింపనప్పుడు మాత్రమే హెచ్చరించును. కొన్ని లెక్కలకు ఇది సౌకర్యమే. కాని ఆరుగురు రైతుల పట్టిక ప్రక్కన ధరల పట్టికలో నాలుగు ధరలు పొరపాటున జారిపోయి రెండే మిగిలినచో, తప్పు తప్పుగా కనబడక ఒప్పువలె నడచిపోవును. కావున పొడవులు వేరైన పట్టికలను బుద్ధిపూర్వకముగా నిచ్చి చూచుటయు పరీక్షలో నొక భాగము.

పరీక్షింప బనిలేక ప్రమేయమునే యడిగి తెలిసికొనరాదా యని సందేహము కలుగవచ్చును. కొన్ని భాషలలో నది కుదురును. వుల్ఫ్రమ్ భాషలో ప్రమేయములకు లక్షణములను తగిలించుట కలదు; అందు 'లిస్టబుల్' అను లక్షణము గల ప్రమేయము ఏ పట్టిక నిచ్చినను తనంతట తాను ఒక్కొక్క యంశమునకు అన్వయించుకొనును. పట్టికలో పట్టికలున్నను, ఊరిలో వీథులు, వీథిలో ఇండ్లు ఉన్నట్లు, లోపలి యింటిదాక పోవును. వర్గమూలము, సైను మొదలైనవానికి ఈ లక్షణము కలదు. ఇది కుండపై వ్రాసిన చీటివంటిది. చదివినచో లోపలి దేమో తెలియును.

అయినను చీటి లేనంత మాత్రమున లోపల లేదనరాదు. ఒకడు, "ఇచ్చినదానిని వర్గము చేసి ఒకటి కలుపుము" అని స్వయముగా నొక ప్రమేయమును వ్రాసినాడనుకొనుడు. దానికి ఏ లక్షణమును తగిలింపలేదు. అయినను 1, 2, 3 ఇచ్చినచో 2, 5, 10 వచ్చును; ఏలయన లోపలి వర్గక్రియకును సంకలనమునకును ఆ లక్షణము కలదు. లక్షణమున్నచో ప్రత్యేకమే; లేనిచో ప్రత్యేకము కావచ్చును, కాకపోవచ్చును. అప్పుడు మరల మన పరీక్షయే శరణ్యము.

ఇక్కడ తర్కశాస్త్రమున చెప్పిన యొక హెచ్చరికను స్మరింపవలెను. పొగయున్నచోట నిప్పుండునని పలుమారు చూచి నిశ్చయించుకొందుము. కాని పలుమారు చూచుట యొక్కటియే చాలదని తార్కికులు వజ్రమును దృష్టాంతముగా చూపిరి. మట్టి, రాయి, కుండ మొదలైన పార్థివ వస్తువు లన్నింటిపై ఇనుముతో గీత పడుట నూరుమార్లు చూచి, పార్థివమైనదెల్ల ఇనుముచే గీయబడునని నిశ్చయించినవానికి వజ్రము ఎదురైనచో నిశ్చయము పగిలిపోవును. ఒక్క వ్యభిచారము చాలును, నూరు సహచారములు నిలువవు. అట్లే నూరు పట్టికలపై నెగ్గిన ప్రమేయము నూట యొకటవ పట్టికపై ఓడవచ్చును. ఒక్క యోటమి నిశ్చయముగా కాదని చెప్పును. నూరు గెలుపులు నమ్మకమును పెంచునే గాని నిశ్చయము నీయవు. నిశ్చయము కావలసినచో ప్రమేయము లోపల వ్రాసినదానిని చదివి, కారణము తెలిసికొనవలెను. పరీక్షయు, కారణవిచారమును రెండు కన్నులవంటివి.

మరి నివారణోపాయ మేమి? సందేహమున్నచోట యంత్రముయొక్క యూహకు విడువక, 'ఒక్కొక్కదానికి' అని నోరు తెరచి చెప్పుటయే. లిస్ప్ భాష మొదటినుండియు నట్లు చెప్పించినది. పైథాన్‌లోను పట్టికలోని ప్రతి యంశమునకు ప్రమేయమును అన్వయింపజేయు వాక్యరీతి కలదు. జూలియా అను నూతన భాషలో ప్రమేయము పేరు చివర నొక చుక్క పెట్టినచో ప్రత్యేకమని యర్థము. చుక్క లేనిచో గాదు. చదువువాడు చుక్కను చూచి తెలిసికొనును. ఒక్క చుక్కయే వ్రాసినవాని యుద్దేశమునకు సాక్షి. భోజనము పెట్టుమనునప్పుడు 'ఒక్కొక్కరికి' అనకున్నను మనుష్యుల మధ్య గడచిపోయినది, యంత్రముతో గడవదు.

పెద్దలారా, మీరు ప్రోగ్రాములు వ్రాయబోరు. వ్రాయ బనియు లేదు. కాని లెక్క యే యంత్రమునుండి వచ్చినను దానిని పరీక్షించు హక్కును, నేర్పును మీకు గలవు. ముద్రించిన చీటి చేతికి వచ్చినప్పుడు మొత్తముతో తృప్తిపడక మీ పేరిటి పంక్తిని చూడుడు. పేర్లెన్నియో ఫలములన్ని యున్నవా యని లెక్కించుడు. మీ ఒక్కరి లెక్కను కాగితముపై వేరుగా వేసి, పట్టికలోనిదానితో పోల్చుడు. పొరుగువాని వివరము మారినప్పుడు మీ యంకె యేల మారెనో యడుగుడు. వంతు పద్దైనచో మారవచ్చును, శిస్తు పద్దైనచో మారరాదు. తరుగని యున్నచోట, "ఇది బస్తాకా, బండికా?" అని ప్రశ్నింపుడు. యంత్రము చెప్పినది గనుక సరియే యనువానితో, "నీవు దాని నేమని యడిగితివి?" అని మెల్లగా ననుడు. మీ యిండ్లలో ఈ విద్య నేర్చుచున్న పిల్లలున్నచో వారికి గర్గుల దండుగ కథను చెప్పుడు. వారు తమ పట్టికలను మరి కొంచెము జాగ్రత్తగా పరీక్షించుకొందురు.